పై కోట బురుజు మీద అరవవలసిన పేరు

ఇది రాయకుండానే పోదామనుకున్నాను. చచ్చినవాడి మాట వినే తీరిక బతికున్నవాళ్ళకు ఎక్కడిది? అయితే నిన్న వెల్లుల్లి చారు లోపలికి దిగింది, కాస్త ఓపిక వచ్చింది.

దేవుని పేరిట. పుట్టుకతో దొరనూ, మా నాన్న పట్టుదలతో బిషప్‌నూ అయిన దాల్మౌ అనే నేను, మంచాన ఉన్నా మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా.

1. నా ఆత్మ దేవునిది. ఒంటిని కొండ కింది చర్చి గడప ముందు, జనం నడిచే చోట పూడ్చాలి.

2. నా లాటిన్ విని నవ్విన చర్చి బడి గురువు ఉడలార్డ్‌కు నా ఉన్ని దుప్పటి. బిషప్‌నయ్యాకే ఆ భాష నాకు నేనుగా నేర్చుకున్నాను, నవ్వక ఏం చేస్తాడు? చలికి వణకనిద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు.

3. కంచరగాడిద వంటమనిషి బోనదోనాకు. ఎడమవైపు నుంచి ఎక్కితే కరుస్తుంది. దానికోసం ప్రార్థించి చూశాను, మారలేదు.

4. పై కోట. నాన్న కింది కోటా ద్రాక్షతోటలూ అన్నకిచ్చి, ఎవరికీ అక్కర్లేని దీన్ని నాకిచ్చాడు. కావలిదారు మీర్ యుద్ధంలో పోయాక, అతని భార్య గిస్లాయే ఇన్నేళ్ళూ దీన్ని కాచింది. కోట స్వాధీనం చేసుకోవాలంటే దొర మనిషి బురుజెక్కి దొర పేరు అరవాలన్నది మన ఆచారం కదా. మీర్ పోయిన ఏడు నేనూ అందుకే వెళ్ళాను. గిస్లా గుమ్మంలోనే ఆపింది.

“పొయ్యి మీద కూరుంది దొరా, దించొచ్చి తాళాలిస్తా.”

తాళాలు తీసుకున్నాక నా మనిషి బురుజెక్కి నా పేరు గొంతు పోయేలా అరిచాడు.

“పేరు అరిస్తే కోట మీదైపోద్దా? మరి కప్పు కారతా ఉంది, దాన్నీ పిలవండి, పలుకుద్దేమో!” అంది గిస్లా.

అప్పుడే తాళాలు తిరిగి ఆమె చేతికిచ్చి వచ్చాను. కాగితం మాత్రం రాయలేదు. నేను ఈ కోటలోనే మంచం పట్టగానే అన్న కొడుకు గలసెరాన్ ఆ తాళాలు లాక్కుని నడుముకు కట్టుకున్నాడు. తన స్నేహితుణ్ణి కావలి పెడతాడట, గిస్లానూ కూతురినీ మంచు పడకముందే పంపేస్తాడట.

కనుక కోట గలసెరాన్‌కే. కావలి హక్కు గిస్లాకు, ఆమె తర్వాత కూతురికి. స్వాధీనం చేసుకునే రోజున అతడే బురుజెక్కి, తన పేరు తర్వాత గిస్లా పేరు కూడా లోయంతా వినబడేలా అరవాలి. అరవకపోతే కోట మఠానికి పోతుంది.

5. దీన్ని జరిపించవలసినవాడు పోన్స్ మఠాధిపతి. మొహమాటపడొద్దని అతనికి మనవి.

ఇది చదివి వినిపించగానే గలసెరాన్ కిటికీ దగ్గర నుంచి నా వైపు తిరిగాడు.

“ఆడమనిషి పేరా, బాబాయ్? జనం నవ్వరూ?”

“నవ్వనీరా. నా లాటిన్‌కి నవ్వలేదా? నేను బిషప్‌గానే ఉన్నాగా.”

క్రీస్తు శకం 1172, సెయింట్ జాన్ పండుగ మర్నాడు, పై కోటలో.

దాల్మౌ, బిషప్, స్వహస్తంతో.
సాక్షులు: పోన్స్, మఠాధిపతి. గిలబెర్ట్, కమ్మరి, సంతకానికి బదులు శిలువ గుర్తు. గలసెరాన్.

సంతకం అయ్యాక గలసెరాన్ తాళాల గుత్తి విప్పి గిస్లా ముందు బల్ల మీద పెట్టి, గుర్రానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.