వెనక సీటుకు తలుపు లేదు

చింతామణి, 1959 మే, ఆదివారం

మనవడి పెళ్ళి ఊరేగింపుకని బెంగళూరు నుంచి టాపు మడిచే కార్లు రెండు తెప్పించారు, ఇంగ్లీషుదొకటి, జర్మనీదొకటి. ఏది మేలని బావమరిది రామచంద్రప్ప నలుగురిలో నన్నడిగాడు. ఇరవై ఏళ్ళుగా మోటారు పత్రికలు చదువుతున్నవాణ్ణి. జర్మనీ ఇంజను ముందు ఇంగ్లీషుది కుట్టుమిషనేనని తేల్చేశాను.

"అయితే దాంట్లోనే కూచ్చో బావా, వెనక సీట్లో పెండ్లికొడుకు పక్కన" అన్నాడు.

జర్మనీ కారుకు ఉన్నవి ముందు తలుపులు రెండే. వాటికి అడ్డంగా మల్లెదండలు బిగించేశారు. ఇంగ్లీషు కారుకు నాలుగు తలుపులు. రామచంద్రప్ప అందులోంచి రెండుసార్లు దిగి వక్కాకు కొనుక్కున్నాడు. బజారు సగం దాటేసరికి నాకు ఒంటికి ఆగేలా లేదు.

"దిగాల, ఆ దండ తెంపరా" అన్నాను, మా కారు పక్కకొచ్చిన రామచంద్రప్పతో.

"ఆరతి పట్టకముందే తెంపితే అపశకునం. నీ జర్మనీ కారు అప్పుడే చేదైందా బావా?" అని నవ్వాడు.

పంచె తడిసిపోయింది. మనవడు చూశాడు. చేతిలోని పన్నీరు చెంబు నా ఒళ్ళోకి వంచి, "అయ్యో, తాత మింద ఒలికిపాయ!" అని అరిచాడు. అందరూ నమ్మారు, రామచంద్రప్ప కూడా.

చదువు సగంలో మానేశాడని ఆ వెధవను రోజూ తిట్టేవాణ్ణి. ఇక ఏ ముఖంతో తిట్టను?