క్యాంపస్‌కొస్తే వెలిగే దీపం

తార్నాక

ప్రొఫెసర్ సోమయాజులు గారికి,

పౌలు వందనాలు. నేను మీ పాత కారు కొన్నవాణ్ణి. చర్చి వ్యాను నడిపి మానుకున్నవాణ్ణి. ఫోనులో నాకు మాట రాదు. అందుకని రాసి మీ గేటు పెట్టెలో వేస్తున్నాను.

కారు మా ఇంటావిడ కరుణమ్మ కోసం కొన్నాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె చర్చికి రావడం మానేసింది. ఇప్పుడు కారు ఉంది. ఆమె ఎక్కడం లేదు.

కారణం స్టీరింగు ముందు వెలిగే పసుపు దీపం. హబ్సిగూడ మెకానిక్ దేవేందర్ మిషను పెట్టి చూశాడు. కన్వర్టర్ అనేదాని వార్నింగట. "సాఫ్ చేసిన తాతా, ఇగ రాదు" అన్నాడు. తార్నాక మెయిన్ రోడ్డులో రాలేదు. మీ యూనివర్సిటీలోకి రాగానే వచ్చింది. మళ్ళీ తుడిపించాను. మళ్ళీ అక్కడే వచ్చింది.

"అది పుట్టిల్లు చూసి దిగులు పడతంది. ఏడ్చే బండి నేనెక్కను" అంటుంది కరుణమ్మ.

ఉంటానండి,
పౌలు

తా.క. తమరు దాన్ని ఏ పేరుతో పిలిచేవారో చెప్పమంది.

~

యూనివర్సిటీ క్వార్టర్స్

శ్రీ పౌలు గారికి,

నమస్కారం. కారును నేను ఏ పేరుతోనూ పిలవలేదు. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ దీపం ఒక్కసారి కూడా వెలగలేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను.

కన్వర్టర్ అంటే భయపడకండి. నేను కెమిస్ట్రీ వాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీ కారు కింద, పొగగొట్టం దారిలో, తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఒకటి ఉంటుంది. దాని గదులన్నిటికీ బంగారంతో పోటీపడే లోహాలు పూత పూసి ఉంటాయి. ఇంజను వదిలిన విషపు గాలి ఆ గదుల్లోంచి పోతూ విషం పోగొట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఇంత పని చేసీ ఆ లోహం అరగదు. క్లాసులో పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడల్లా నాకే ఒళ్ళు పులకరిస్తుంది. వాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

భవదీయుడు,
సోమయాజులు

తా.క. ఆ లోహం సంగతి ఎవరితోనూ అనకండి. కిందనుంచి కోసుకుపోతారు.

~

తార్నాక

అయ్యగారికి,

వందనాలు. మీ ఉత్తరం కరుణమ్మకు చదివి వినిపించాను. తర్వాత నేను నేల మీద పడుకుని కారు కిందికి చూశాను. నల్లటి డబ్బా. దాని లోపల అంత పని జరుగుతోంది! పాతికేళ్ళు వ్యాను నడిపాను. పొగ ఎవరో ఒకరు పీల్చాల్సిందే అనుకున్నాను. ముందే కడిగి పంపే ఏర్పాటు ఉందని ఎవరూ చెప్పలేదు.

మీ దగ్గర ఒక్కసారీ వెలగలేదన్న మాట మాత్రం చదవకుండా ఉండాల్సింది. "చూశావా, ఆయన దగ్గర సంతోషంగా ఉంది" అని కరుణమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈ ఆదివారం కూడా చర్చికి రాలేదు.

కారు తెచ్చి మీ గుమ్మంలో నిలబెడతాను. దాని దిగులు తీరేదాకా ఉంచుకోండి.

ఉంటానండి,
పౌలు

తా.క. లోహం సంగతి ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో దేవుడికి చెప్పాను. పైకే చెప్పాను. చర్చిలో అందరూ ఆమెన్ అన్నారు.

~

యూనివర్సిటీ క్వార్టర్స్

పౌలు గారికి,

మీరు మెత్తగా రాస్తూనే కారు తిరిగి అప్పజెబుతామంటున్నారు. అమ్మిన బండి వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. దిగులు తీరేదాకా అంటే ఎన్నాళ్ళు? దిగులు తీరిందని నిర్ణయించేదెవరు? ఇలాంటి ఎత్తుగడలు నేను యూనివర్సిటీ కమిటీల్లో చాలా చూశాను.

సోమయాజులు

తా.క. మా ఆవిడ సుబ్బలక్ష్మి అడగమంటోంది: బండి దిగులు పడుతున్నది నా కోసమా, తన కోసమా? ఊరికే అడిగిందట.

~

తార్నాక

అయ్యగారికి,

తప్పు రాసినట్టున్నాను. మన్నించండి. కారు నాకు కావాలి. కరుణమ్మ అందులో చర్చికి రావాలి. నాకు ఇంకేమీ వద్దు. పెళ్ళయిన పిల్లను రెండు రోజులు పుట్టింట్లో ఉంచినట్టు ఉంచమన్నాను. అంతే.

ఈ మధ్య రోజూ పొద్దున్నే స్టార్టు చేసి, వెనక్కి వెళ్ళి నిలబడుతున్నాను. వచ్చే గాలిని చూస్తాను. ఏమీ కనబడదు. ఏమీ కనబడకపోవడమే అద్భుతం కదండీ. అలాంటి బండి ఉత్తినే దీపం పెట్టదు. ఏదో చెబుతోంది. మాకే తెలియడం లేదు.

మీరు ఒక్కసారి చూస్తే చాలు. మీ ఎదుట నాకు మాట పెగలదు. కారునిచ్చి దేవేందర్‌ను పంపుతాను. నేను గేటు బయట ఉంటాను.

పౌలు

తా.క. అమ్మగారి కోసమే అయ్యుంటుందని కరుణమ్మ అంది. తమరు హారను ఎక్కువ కొట్టేవారట.

~

యూనివర్సిటీ క్వార్టర్స్

మిత్రులు పౌలు గారికి,

నేనే సిగ్గుపడాలి. మీరు గేటు బయట వేపచెట్టు చాటున నిలబడి ఉండగా, లోపల జరిగింది చెబుతాను.

దేవేందర్ నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. లైబ్రరీ దాటగానే దీపం వెలిగింది! నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మీ ఆవిడ మాటే నిజమనుకున్నాను.

తర్వాత దేవేందర్ మిషను చూస్తూ ఆలోచించాం. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి రెండు ముక్కుల్లాంటి సెన్సర్లున్నాయి. గాలి శుభ్రమైందో లేదో వాసన పట్టి చెబుతాయి. అయితే ఆ పరీక్ష ఎప్పుడుపడితే అప్పుడు జరగదు. బండి వేడెక్కి, ఆగకుండా ఒకే తీరున పోతేనే జరుగుతుంది. "తార్నాకల ఏడ పోతది సార్ ఒక్క తీరుగ? ఆగుడే ఎక్కువ. గీ చుట్టుపక్కల ఖాళీ రోడ్డు మీ క్యాంపస్‌లనే ఉన్నది" అన్నాడు దేవేందర్. అదీ పుట్టింటి రహస్యం!

మరి నా దగ్గర ఎందుకు వెలగలేదు? నేను ఇంటి నుంచి డిపార్ట్‌మెంటుకు పోయేవాణ్ణి. అది వేడెక్కేలోపే ఆపేసేవాణ్ణి. పాపం, పరీక్ష రాసే అవకాశమే ఇవ్వలేదు.

కన్వర్టర్ బంగారంలా ఉంది. దానికి ముందున్న గొట్టానికి సన్నటి చీలిక. బయటిగాలి దూరి వెనక ముక్కును మోసం చేస్తోంది. దేవేందర్ అతికించాడు. దీపం తుడిపి క్యాంపస్ చుట్టూ తిప్పాం. దీపం రాలేదు.

మీ
సోమయాజులు

తా.క. దీపం రాకపోయేసరికి సుబ్బలక్ష్మి ముఖం చిన్నబోయింది.

~

తార్నాక

అయ్యగారికి,

వందనాలు. ఆదివారం కరుణమ్మను బతిమాలి వెనక సీటులో కూర్చోబెట్టాను. చర్చికి ముందు క్యాంపస్ తిప్పమంది. తిప్పాను. దీపం రాలేదు.

సంతోషిస్తుందనుకున్నాను. "ఏమయ్యా, ఒక్క అతుకుతో పెంచినోళ్ళని మర్చిపోయిందా? రేపు మనల్నీ ఇంతే" అంది. ఆపమంది. దిగింది. ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాను.

దగ్గరగా చూస్తానని ముందు సీటులోకి వచ్చింది. కూర్చోగానే ఎర్ర దీపం వెలిగింది. టింగు టింగుమని మోత. లేచింది. ఆరింది. కూర్చుంది. వెలిగింది.

"నన్నే!" అంది. అంత చిన్న గొంతు ఆమె దగ్గర ఎప్పుడూ వినలేదు.

అది సీటు బెల్టు పెట్టుకోమనే దీపమని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. చెప్పకపోతే బెల్టు లేకుండా పోవాలి. చివరికి వంగి ఆమెకు బెల్టు పెట్టాను. దీపం ఆరిపోయింది. ఇక దిగిపోతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

కరుణమ్మ నవ్వింది. "కట్టేసుకుంది కదా, ఇంకెందుకు పిలుస్తాది? పోనియ్యి, పాటలు మొదలెట్టేస్తారు" అంది.

చర్చికి వచ్చామండి. ఇద్దరం.

పౌలు

తా.క. ఆ సీటులో అమ్మగారు కూర్చున్నా ఎర్ర దీపం వెలుగుతుంది. దయచేసి ఆ సంగతి అమ్మగారూ కరుణమ్మా మాట్లాడుకోకుండా చూడండి.