నాన్న పోయిన కార్డు

విశాఖపట్నం, 4-2-1956

పూజ్యురాలైన అక్కకి తమ్ముడు సత్యారావు నమస్కరించి రాసేది.

మా ఆఫీసు వాళ్లం ఆడే నాటకం "పెద్దాయన మంచం" ఈ నెల 18న మన చోడవరంలోనే వేస్తున్నాం. రాసింది నేనే. తండ్రి మూడంకాలూ మంచం మీదే ఉంటాడు. ఆయన పోకముందే కొడుకులు పాడె కట్టించి, ముందు కొస ఎవరు మొయ్యాలని దెబ్బలాడుకుంటారు. పదకొండేళ్లుగా ఆయనతో మాటల్లేని తమ్ముడొకడు చివర్లో వచ్చి ఏడవాలి. ఆ వేషానికే మనిషి దొరకలేదు. ఏడవమంటే అందరూ నవ్వుతున్నారు.

ఆ పెద్దాయనా, తమ్ముడూ మన నాన్నా, వడ్డాదిలో ఉండే బంగార్రాజు చిన్నాన్నా కదా అంటావు. కాదనలేను. నాన్నకి మాత్రం చెప్పకు.

పెద్దాయన చివరికి పోవాలా, బతకాలా అన్నది ఇంకా తేలలేదు. తేలగానే కార్డు రాస్తాను. సామాన్లు నువ్వే చూడాలి.

నీ తమ్ముడు,
సత్యం

(తర్వాత వచ్చిన కార్డు)

అక్కా, నాన్న పోయాడు. ఇంక మార్పు లేదు. పాడెకి రెండు వెదుళ్లు, కొత్త కుండ, తెల్లపంచె చూసి ఉంచు. డప్పులవాళ్లకి చెప్పు. లారీ దొరగ్గానే చోడవరం వస్తాం. చిన్నాన్న లోటే తీరేలా లేదు.
సత్యం

చోడవరం, 9-2-1956

చిరంజీవి సత్యారావుని అక్క కనకమహాలక్ష్మి దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, నీ కార్డు ప్రకారం పోయిన నాన్నతో సహా.

పోస్టుమేన్ పరదేశి కార్డు చదువుకుంటూ వచ్చి, అరుగు మీద కూర్చున్న నాన్నకే ఇచ్చాడు. "బాబూ, తమరు పోయేరట" అన్నాడు.

"ఎప్పుడ్రా?" అన్నాడు నాన్న.

"డేటు ఎయ్యనేదండి. ఇంక మార్పు నేదని మాత్రం రాసేరు."

నాటకమని చెప్పక తప్పలేదు. కథ మనదని నేను చెప్పలేదు, ఆయనే చెప్పాడు. "నా వేసం ఎవడేస్తన్నాడే?" అన్నాడు. మీ హెడ్‌క్లర్కన్నాను. "ఆడు దగ్గగలడా?" అన్నాడు.

మధ్యాహ్నానికి డప్పులవాళ్లు వచ్చి నిలబడ్డారు. దేముడమ్మ వదిన ఏడుస్తూ వచ్చి, నాన్న భోంచేస్తుండడం చూసి, ఏడుపు వెంటనే ఆగక ఇంకాసేపు ఏడ్చింది.

నీకు తెలియనిదొకటి. నాన్న రోజూ వడ్డాది బస్సు వేళకి అరుగు మీదికి వస్తాడు. ఎవరి కోసమంటే, "బస్సు సూడ్డానికి" అంటాడు. డెబ్బైరెండేళ్లు వచ్చాయి. పదకొండేళ్ల కిందట గానుగలో ఎవరి చెరకు ముందు ఆడాలని చిన్నాన్నతో పెట్టుకున్న తగువు అది. నీ నాటకంలో అన్న పోయాక తమ్ముడు వచ్చి ఏడుస్తాడు. ఆ వచ్చేది ముందే వస్తే ఏం?

ఆశీస్సులతో,
అక్క

తా.క. చావింటికని తెచ్చిన బీరకాయలు వెనక్కి పట్టుకెళ్లకూడదంది వదిన. పులుసు పెట్టాను. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు.

విశాఖపట్నం, 11-2-1956

అక్కకి నమస్కారాలు.

కార్డు సంగతి తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇకనుంచి కవర్లే. ఈ మాట వడ్డాది చేరితే చిన్నాన్న నన్ను బతకనివ్వడు.

సామాన్ల జాబితాకి నా దగ్గర నకలు లేదు. ఆ కార్డు తిప్పి పంపు. ఉత్తరాలన్నీ తీగకి గుచ్చుతావు కదా. పంచె పెద్దాయన పాదాల దాకా రావాలి. మా హెడ్‌క్లర్కు నాన్నంత పొడుగు.

సత్యం

తా.క. ఏడ్చేవాడు దొరికాడనుకున్నాం. వాడికి జలుబని తేలింది.

చోడవరం, 16-2-1956

చిరంజీవి సత్యారావుకి దీవెనలు.

నీ కార్డు తీగకి లేదు. జాబితా నాకు గుర్తుంది, అన్నీ సిద్ధం.

నిన్న నాన్నని మంచం మీద పడుకోబెట్టి, పంచె మెడ నుంచి పాదాల దాకా కప్పి కొలుస్తున్నాను. వీధి మొగలోంచి ఏడుపు వినిపించింది. చూస్తే బంగార్రాజు చిన్నాన్న. వచ్చి మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. "అన్నియ్యా, ముందు నీ సెరకే ఆడవలసింది. నానే ఎదవనయ్యేను" అన్నాడు.

నాన్న కళ్లు తెరవలేదు. నేను గిల్లినా తెరవలేదు. చిన్నాన్న తప్పులన్నీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. ఆ ఏడు మన దూడని విప్పి తోలేసింది కూడా ఆయనేనట. అది మనకి తెలియనే తెలియదు. అప్పుడు నాన్న, కళ్లు మూసుకునే, "ఆ దూడ సంగతి మళ్లీ సెప్పు" అన్నాడు.

చిన్నాన్న గోడ దాకా వెనక్కి పోయాడు. భయం తీరాక కోపం వచ్చింది. "నా నోటంట అనిపించడానికి సచ్చినట్టు తొంగున్నావేటి" అని చెప్పులు వేసుకున్నాడు. చావింట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కదా, చావుకని వచ్చినవాడు ఆ అలవాటునే మాట్లాడకుండా గుమ్మం దిగాడు. నాన్న పంచె కప్పుకునే వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"సెప్పకుండా ఎల్లిపోతావేట్రా? నాను బతికే ఉన్నాను. ఎల్లొస్తానని సెప్పు."

చిన్నాన్న చెప్పుల వైపు చూస్తూ "ఎల్లొస్తాను" అన్నాడు.

అన్నాక రాక తప్పదు. సాయంత్రం బస్సుకే వచ్చాడు, బెల్లం అచ్చు పట్టుకుని.

అక్క

తా.క. ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచు. పక్కపక్కన.

విశాఖపట్నం, 20-2-1956

అక్కకి నమస్కారాలు.

నేను రాసింది విషాదాంతం. పెద్దాయన పోగానే చిన్నాన్న కుర్చీలోంచి లేచి, "ఆ ఏడుపేట్రా" అని స్టేజీ ఎక్కి ఏడ్చి చూపించడం నువ్వూ చూశావు. నాన్న కిందనుంచి "దూడ సంగతి మరిసిపోయేవు" అని అందించడమూ విన్నావు. జనం కడుపులు పట్టుకున్నారు. ఇప్పుడు మాడుగుల వాళ్లు చిన్నాన్న వస్తానంటేనే నాటకం పెట్టించుకుంటామంటున్నారు.

ఒక్కటి అడుగుతాను. ముక్కు తుడుచుకోవడానికి ఆయన మొలలోంచి తువ్వాలు లాగితే నా కార్డు కింద పడింది. అది వడ్డాది ఎలా వెళ్లింది? పరదేశిని నిలదియ్యి.

సత్యం

చోడవరం, 22-2-1956

చిరంజీవి సత్యారావుకి దీవెనలు.

పరదేశిని ఏమీ అనకు. కవరు మీద చిరునామా రాసింది నేను. కార్డు తీగకి లేదన్నాను గాని, పోయిందనలేదు. దానికి ఒక్క అక్షరం చేర్చలేదు. చిన్నాన్న లోటని రాసింది కూడా నువ్వే.

ఇక్కడ కొత్త తగువు వచ్చింది. గానుగలో ముందు నీ చెరకే ఆడాలని ఈయన, కాదు నీదేనని ఆయన. చెరకు చేలోనే ఎండుతోంది. పొద్దున్నుంచి ఇద్దరూ అరుగు మీద కూర్చుని అరుచుకుంటున్నారు. బస్సు వచ్చి వెళ్లింది. నాన్న తలెత్తి చూడలేదు.

అక్క

తా.క. కార్డు మంగళవారం అందేలా వేశాను. బుధవారం వడ్డాది బస్సు పదకొండింటికి వచ్చింది. నాన్నని పదిన్నరకి పడుకోబెట్టాను.