నక్షత్రం గుర్తులు

20 నవంబరు 1979, మంగళవారం. జగ్గయ్యపేట.

వంట, ఉతుకు, కందిపప్పు ఏరడం. పోయిన మావారు పాత భాషల మీద రాసుకున్న నోట్సు కార్డులు నలభై.

వాటిలో ఉన్న, మోయడమని అర్థమొచ్చే ఐరోపా ప్రాచీన కెల్టిక్ భాష క్రియ రూపాలను సాపుగా రాసిపెడతానని ఆసుపత్రిలో ఆయనకు మాటిచ్చాను. రాసి నందిగామ పంపితే, ఆయన స్నేహితుడు లెక్చరరుగారు ఇవాళ తిరిగి తెచ్చారు.

“నక్షత్రం గుర్తులేవీ, వదినగారూ?”

“అందానికి వేశారనుకుని వదిలేశానండి.”

“అందమా? మావాడు చొక్కా గుండీలే సరిగ్గా పెట్టుకునేవాడు కాదు! ఈ మాటలు ఎక్కడా రాసి దొరకలేదండి. సంస్కృతం ‘భరతి’లాంటి చుట్టపు మాటల్ని బట్టి ఊహించినవి. ఆ గుర్తు లేకపోతే అబద్ధమైపోద్ది.”

గుర్తులన్నీ పెట్టాను. *బెరూ, నేను మోస్తాను. *బెరెతి, అతడు మోస్తాడు. పైకి చదివితే ఇల్లంతా వినిపించింది. ఆయన వాటినెలా పలికేవారో బతికుండగా ఒక్కసారీ అడగలేదు.

ఆయనకిచ్చిన మాట చెల్లు.