మూడు కేకలకూ పలకని పేరు

చిన్నోడా,

ముందొక ప్రశ్న. తప్పించుకోకుండా జవాబు చెప్పు. మూడేళ్లుగా నిన్ను తరుముతున్నది ఎవరు? వాడి మొహం ఒక్కసారైనా చూశావా?

ఆలోచిస్తూ ఉండు. ఈలోగా ఇక్కడి కబుర్లు. దేవుడి దయవల్ల అందరం ఎవరి కాళ్ల మీద వాళ్లం నిలబడే ఉన్నాం. నా మోకాళ్లు మాత్రం ప్రార్థనకి వంగినంత తేలిగ్గా మేడమెట్లకి వంగనంటున్నాయి. ఆసుపత్రి లాండ్రీలో కొత్త ఇస్త్రీ యంత్రం పెట్టారు. పాతది నా వేళ్లు కాల్చేది, కొత్తది దుప్పట్లు కాలుస్తోంది. నువ్వూ అక్కడ బాగున్నావనీ, రాళ్లకి పాలిష్ పట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావనీ అనుకుంటున్నాను. కట్టుకోవడం లేదని నాకు తెలుసు. కట్టుకో.

కిందటి ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వంటింటి కిటికీ రెక్క ఇంకా ఊగుతోందా అన్నావు. ఊగడం లేదు, మరదలు నీ సుత్తితోనే బిగించింది. ఆమెకి కోపం తగ్గిందా అన్నావు. నీ ఉత్తరం చదివి వినిపించాను. కుట్టుమిషను ఆపకుండానే, "కోపానికేం వదినా, అది ఇంట్లోనే ఉంది. మనిషే లేడు. వస్తానంటే నమ్మను. వస్తే నమ్ముతాను" అంది. అక్షరం పొల్లు పోకుండా రాశాను.

ఇక మూడోది. "అక్కా, నా పేరు మీద వారంటు ఇంకా ఉందో లేదో కోర్టులో మెల్లగా కనుక్కో. గట్టిగా మాట్లాడకు. నీ గొంతు వింటే చచ్చిపోయిన కేసులు కూడా లేచి కూర్చుంటాయి" అని రాశావు. చదివి నవ్వాను. తర్వాత ఒళ్లు మండింది. ఆ తర్వాత లాండ్రీకి సెలవు పెట్టి కోర్టుకి వెళ్లాను.

నీ లారీ వెనక్కి వచ్చి గోడౌన్ గేటుకి తగలడం, ఆ గేటు కాపలాదారు కాలి మీద పడటం, కేసు, బెయిలు, నువ్వు హాజరైన రెండు వాయిదాలు, అన్నీ పాత కోర్టులో జరిగాయి కదా. అక్కడికే పోయాను. కిటికీలో కుర్రగుమాస్తా కంప్యూటర్లో నీ పేరు, నాన్న పేరు కొట్టి చూశాడు. "ఏమీ లేదమ్మా. వారంటూ లేదు, కేసూ లేదు" అన్నాడు.

పక్కనే గోడకి ఆనుకుని, చంకలో ఫైళ్లు పెట్టుకున్న మనిషొకడు ఉన్నాడు. ప్లీడరు కాదు, ప్లీడర్ల చుట్టూ తిరిగే దళారి. "లేదంటున్నారుగా, నోరు మూసుకుని ఇంటికి పోక, ఉందేమో అని వెతుకుతారా ఎవరైనా? పడుకున్న కుక్కని లేపి మరీ కరిపించుకుంటారా?" అన్నాడు.

"పడుకున్న కుక్క గుమ్మంలోనే పడుకుందయ్యా. మావాడు ఇంట్లోకి ఎలా రావాలి?" అన్నాను.

కేసు ఉండి తీరాలి కదా. నువ్వు దాని మీద బెయిలు కాగితం తెచ్చుకున్నావు. ఆ కాగితం మీద నంబరుంది. నంబరు చూపించి, ఇది ఏ గాలికి ఎగిరిపోయిందో చెప్పమన్నాను. గుమాస్తా తల గోక్కుని ఇంకో పుస్తకం తీశాడు. ఆ ఏడాది పని ఎక్కువై సగం కేసుల్ని కొత్త భవనంలో కోర్టుకి మార్చారట. అక్కడ నంబరు మారింది. పాత కోర్టు కంప్యూటరుకి పాత నంబరూ నీ పేరూ గుర్తులేవు, కొత్త నంబరు నీకు తెలీదు. అదీ సంగతి.

కొత్త భవనం, రెండో అంతస్తు. బల్ల వెనక నా ఈడు గుమాస్తా, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. ఆమె రిజిస్టరు తిప్పుతుంటే, లోపల కోర్టు నడుస్తోంది. గుమ్మంలో బంట్రోతు ఎవరి పేరో పిలుస్తున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఏం గొంతురా వాడిది, ప్రసంగానికి పుట్టినవాడు. ఎవరూ పలకలేదు. లోపల కలం గీసుకుంది.

"అంతేనమ్మా. మూడు కేకలకి పలక్కపోతే వారంటు రాస్తారు. పట్టుకుని తెమ్మని" అంది గుమాస్తా. వేలు ఒక వరస మీద ఆపింది. "ఇదిగో మీ తమ్ముడు. బతికే ఉంది వారంటు."

"వాడికి ఆ వాయిదా తెలీదమ్మా. కోర్టు మారినట్టు ఎవరూ చెప్పలేదు" అన్నాను.

"చెప్పకుండా ఎలా ఉంటాం? సమన్లు ఇంటికి పంపాం. అందినట్టు సంతకం ఉంది" అని కాగితం నా వైపు తిప్పింది.

ఆ సంతకం సంగతి చెబుతాను. కాస్త ఆగు. ముందు దారి చెప్పనీ.

అదే వరండాలో ఒక ప్లీడరమ్మని పట్టుకున్నాను. చిన్నదే గానీ నాలుక పదును. ఆమె చెప్పింది ఇది. వారంటు దానంతటది ముసలిదై చావదు. పదేళ్లయినా ఆ వరసలో అలాగే ఉంటుంది. తీయించాలంటే రద్దు చేయమని అర్జీ పెట్టాలి. ఆ రోజు ఎందుకు రాలేదో ప్రమాణపత్రం రాసివ్వాలి. ఆ మనిషి సొంత కాళ్ల మీద వచ్చి, పేరు పిలిచినప్పుడు పలకాలి. "తనంతట తను వచ్చినవాణ్ణి జడ్జిగారు ఒక చూపు చూస్తారు, పట్టుకొచ్చినవాణ్ణి ఇంకో చూపు చూస్తారు. ఖాయంగా రద్దవుతుందని నేను మాటివ్వను. కారణం నిజమైతే చాలా మందికి అయింది" అంది. కారణం నిజమైతే.

చిన్నోడా, ఆ సంతకం నాది.

నాకు బడి లేదని నీకు తెలుసు. నాకు అక్షరాలు నేర్పింది నా పరిశుద్ధ గ్రంథమే, అచ్చు చూసి దిద్దుకున్నాను. అందుకే నా సంతకం అచ్చు అక్షరాల్లా ఉంటుంది. "ఇదెవరమ్మా, మనిషా ముద్రాయంత్రమా?" అంది ఆ గుమాస్తా. నవ్వలేదు నేను.

ప్రార్థన చేయమని నా దగ్గరికి వచ్చేవాళ్లు కాగితాలు తెస్తారు కదా. పరీక్ష చీటీలు, ఆసుపత్రి చీటీలు, బాడుగింటి తగాదాలు. నలభై రోజులు గ్రంథంలో పెట్టి ప్రార్థన చేస్తానని తీసుకుంటాను. ఆ రోజు మీ ఇల్లు తాళం వేసి ఉందని కోర్టు మనిషి నా తలుపు కొట్టేసరికి నేను ప్రార్థన కూటానికి బయల్దేరుతున్నాను. సంతకం పెట్టాను. మీద నీ పేరు చూశాను, లోపల చదవలేదు. నువ్వు అప్పటికే రాళ్ల పనికి ఆ ఊరెళ్లి వారమైంది. నీకు పంపాల్సిన కాగితాన్ని దేవుడికి పంపాను. గ్రంథంలో పెట్టి, నీ కోసం నలభై రోజులూ కన్నీళ్లతో ప్రార్థించాను. ఇరవై ఎనిమిదో రోజున నీ పేరు మూడుసార్లు పిలిచారు.

ఇంటికొచ్చి గ్రంథం తిరగేశాను. ఉంది. మడత కూడా నలగలేదు.

ఇంకా ఉంది. పోలీసులు మరదలు గుమ్మం తొక్కారనీ, నువ్వు భయపడి ఫోను కూడా విసిరేశావనీ తెలిశాక నేనేం చేశాను? ఎవరూ తరమకుండానే పరిగెత్తే దుష్టుడి వాక్యం తీసి మూడు ఆదివారాలు సంఘంలో నీ మీద ప్రసంగించాను. నీ పేరెత్తలేదు గానీ అందరికీ తెలుసు. మరదలు రెండో వరసలో తలొంచుకుని కూర్చుంది. "ఒట్టక్కా, నాకు ఏ కాగితమూ రాలేదు" అని నువ్వు రాస్తే, అబద్ధం మీద ఒట్టు కూడానా అని జవాబు రాశాను. అప్పుడు నా చెయ్యి ఆనింది ఆ గ్రంథం మీదే. కాగితం ఆ చేతి కిందే ఉంది.

క్షమించమని బతిమాలడానికి ఇది రాయడం లేదు. ఆ పని నువ్వొచ్చాక, నీ ఎదురుగా చేస్తాను.

ఈ సంగతి సంఘపెద్దకి చెప్పాను. తెలుసుగా, ఒకప్పుడు మిల్లులో ఫోర్‌మన్, ఇప్పటికీ ఈల వేసినట్టే మాట్లాడతాడు. "ఆ కాగితం పొయ్యిలో వెయ్యమ్మా. అబ్బాయికి జ్వరమొచ్చిందని డాక్టరు చేత రాయిద్దాం. నీ తప్పని బయటపడితే సంఘం పరువేం కాను?" అన్నాడు.

"కూటంలో ఒక నోరు, కోర్టులో ఒక నోరు పెట్టుకోవడానికి నాకున్నది ఒక్కటే మొహం పెద్దయ్యా" అన్నాను.

"నిన్నిక ప్రసంగం బల్ల మీద నిలబడనివ్వరు."

"బల్ల మీది, ఉంచుకోండి. లాండ్రీ మీది కాదు, బజారూ మీది కాదు, అక్కడ చెబుతాను."

కిందటి ఆదివారం అదే బల్ల ఎక్కి, నీ మీద ప్రసంగించిన అదే గొంతుతో, అందరికీ చెప్పేశాను. గ్రంథంలోంచి పదకొండు కాగితాలు తీసి ఎవరివి వాళ్లకిచ్చాను. ప్రార్థన నేను చేస్తాను, కాగితం మీ దగ్గరే ఉంచుకుని తేదీ చూసుకోండన్నాను. కొందరు లేచి వెళ్లిపోయారు. మరదలు వెళ్లలేదు. చివర్న నా దగ్గరికొచ్చి, "వదినా, నీ మీద కోపం ఆయన కోపం పక్కనే పెట్టాను. రెండింటికీ ఇంట్లో చోటుంది" అంది. ఆ తర్వాత నీ తెల్లచొక్కా తీసి కాలరు తిరగేసి కుట్టింది. కోర్టుకి చిరుగు కాలరుతో వెళ్తాడా అంది. నమ్మనన్న మనిషి చేసే పనేనా అది, చెప్పు.

అర్జీ సిద్ధం. ప్రమాణపత్రం నేనే రాశాను: కాగితం తీసుకున్నది నేను, దాచినది నేను, ఇతనికి తెలియదు. కింద నా అచ్చు సంతకం. రిజిస్టరులో ఉన్నదానితో పోల్చి చూసుకోమను. రేపు ఉదయం పదిన్నరకి మన అర్జీ పిలుస్తారు. వారంటు రద్దు చేస్తారా, లోపల వేస్తారా, నాకు తెలీదు. వేస్తే ఆ జైలు గేటు ముందు రోజూ నిలబడతాను, వాళ్ల చెవులు వాళ్ల ఇష్టం. కానీ దాక్కోవడం మాత్రం ఇక మన ఇంట లేదు. చెయ్యని తప్పుకి నువ్వు నీడ చూసి బెదరడం నేనింక చూడను.

నా మొదటి ప్రశ్నకి జవాబు తెలిసిందా? నిన్ను తరిమింది పోలీసు కాదు. నీ అక్క. ఆ అక్కే ఇప్పుడు రమ్మంటోంది.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. నీ చేతికిచ్చిన మనిషి మన సంఘంలో బస్సు డ్రైవరు. నాలుగింటికి అతని బస్సు వెనక్కి తిరుగుతుంది. అతని వెనక సీటు నీకే ఉంచాడు. మేస్త్రీకి చెప్పు, చెప్పే వ్యవధి లేకపోతే చెప్పకుండానే రా. బట్టలు సర్దకు, చొక్కా ఇక్కడుంది. రేపు మూడో కేక దాకా ఆగకూడదు మనం, మొదటి కేకకే పలకాలి. డ్రైవరు నీ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, చూడు. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకో. చెప్పులు తొడుక్కో. ఇవాళే ఎక్కు.

ఇట్లు,
రేపు నీ పక్కనే నిలబడి, నీతోపాటు పలికే
నీ అక్క