రెండు వేళ్ళు తక్కువ

మెదెయిన్,
12 ఫిబ్రవరి 2004

ప్రియమైన అక్కా,

ఆపరేషన్ అయ్యాక నేను పంపిన కొలత చీటీ చూసి నువ్వు కుట్టి పంపిన నడికట్టు మొన్న మీ పెరేరా బస్సులో క్షేమంగా చేరింది. నేనే అంత క్షేమంగా లేను.

పొట్ట కోసి, వేలాడే చర్మం తీసేసి, కుట్లు వేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. దోన్యా ఫానీ అనే ఆవిడ ఇంట్లో ఉన్నాను. ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళకి కోలుకునేదాకా మంచం, తిండి ఇచ్చే ఇల్లు ఇది. మేం ఏడుగురం. నడుం నిటారుగా ఎత్తకూడదు కాబట్టి అందరం పడిపోయిన సూది వెతుక్కుంటున్నట్టు వంగి నడుస్తాం. ఎవరైనా నవ్విస్తే తిట్టిపోస్తాం, నవ్వితే కుట్లు లాగుతాయి.

అక్కా, నీ నడికట్టు కొక్కేలు కలవడం లేదు. మొదటి వరసకే ఇద్దరు పట్టుకుని లాగారు, దోన్యా ఫానీ నా నడుముకి మోకాలు ఆనించి మరీ. "పీల్చమ్మా, ఇంకా లోపలికి పీల్చు!" అని ఒకటే అరుపు. బొడ్డు కింద చర్మం వంకాయ రంగులోకి వచ్చింది. నిన్న డాక్టర్ అరిస్మెందీ వచ్చి, "అబ్బ, ఏం నడుం రాణీ! వచ్చే నెల సముద్రానికి వెళ్ళు" అన్నాడు. కట్టు విప్పి చూడలేదు. నేనూ విప్పమనలేదు.

ఎందుకొచ్చిన గొడవ అని నువ్వు అడిగావు కదా, అప్పుడు నీకు చెప్పలేదు. కవలలు పుట్టి నాలుగేళ్ళయినా బస్సులో నాకు లేచి సీటిచ్చేవాళ్ళు. "కూర్చో తల్లీ, ఎన్నో నెల?" అని. కాదని చెప్పలేక కూర్చునేదాన్ని. ఒకావిడ నా పొట్ట మీద చెయ్యి వేసి దీవించింది కూడా. ఆ రోజే నిశ్చయించుకున్నాను. నాకు అందాల పోటీలేం వద్దు, బస్సులో నిలబడి వెళ్ళాలి, అంతే.

ఈ నొప్పి, ఈ రంగు మామూలేనా? వందల మందికి కుట్టావు, నీకు తెలుస్తుంది. ఇక్కడ ఫోన్ హాల్లో ఉంది, గుసగుసలాడినా అందరూ వింటారు. అందుకే బస్సు డ్రైవర్ చేతికి ఉత్తరం ఇస్తున్నాను.

వంగిన నడుంతో,
నీ అరసేలి


పెరేరా,
14 ఫిబ్రవరి

నా పిరికి చెల్లాయ్,

నీ కొలత చీటీ చూసి కళ్ళు తిరిగాయే నాకు. ఎనభై నాలుగు సెంటీమీటర్లా! నీ పెళ్ళి గౌనుకే నేను ఎనభై ఎనిమిది కుట్టాను. ఆ డాక్టరు చేతికి దండం పెట్టాలి.

కొక్కేలు కలవకపోతే కలిపించు. మూడు వరసలు ఎందుకు పెట్టాననుకున్నావు, అలంకారానికా? వాపు దిగేకొద్దీ రెండో వరసకి, తర్వాత మూడో వరసకి రావాలి. డాక్టర్లు కోసి పోతారు, రూపం తెచ్చేది మేం. బిగించకుండా వదిలేసిన పొట్ట పులిసిన పిండిలా మళ్ళీ పొంగుతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు. ఊదారంగు మామూలే. మా వీధిలో చేయించుకున్న వాళ్ళందరికీ వచ్చింది, పోయింది.

గుడ్డు, పంది మాంసం ముట్టుకోకు, చీము పడుతుంది. కోడి చారు తాగు. మీ ఆయన నోర్బేకి పిల్లల జడలు వెయ్యడం వచ్చిందా లేదా? ఓర్చినమ్మకు తేట నీరు అంటారు. పదిహేను రోజులు ఓర్చుకో, మూడో వరస పెట్టాక నాకు రాయి.

నీకంటే ముందు పుట్టి, నీకంటే ముందు లావెక్కిన
రుబియేలా


మెదెయిన్,
3 మార్చి

ప్రియమైన అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇరవయ్యో తారీకుకల్లా మూడో వరసకి వచ్చాను. ఆ రోజు నొప్పి పోయింది. "చూశావా, తగ్గిపోయింది" అని నోర్బే ముందు గొప్పలు పోయాను. తగ్గలేదక్కా. అక్కడి చర్మం చచ్చిపోయింది.

ఇంటికి వచ్చాక జ్వరం పట్టుకుంది. పిల్లలు "అమ్మా, ఎలక చచ్చిన వాసన" అంటూ మంచం కింద దూరి వెతికారు. వాసన నాదని వాళ్ళకి ఎలా చెప్పను? క్లినిక్‌లో కట్టు విప్పితే బొడ్డు కింద అరచెయ్యంత మేర బొగ్గులా నల్లబడింది. చచ్చిన కండ అంతా కోసి తీసేశారు. ఇప్పుడు అక్కడ పిడికిలి పట్టేంత గొయ్యి ఉంది. రోజూ ఒక నర్సు వచ్చి తడి గుడ్డ కూరుతుంది. నోర్బే గిన్నె పట్టుకుని గోడ వైపు చూస్తుంటాడు.

గాయం శుభ్రపడ్డాక రెండోసారి కోసి, మిగిలిన చర్మం లాగి మూయాలట. అది తను చేస్తానన్నాడు డాక్టరు, కానీ ఒక షరతు పెట్టాడు. "ఈ కట్టు ఎవరు కుట్టారు? ఇది కట్టా, ఉరితాడా?" అని నా మీద అరిచాడు. సంతలో కొన్నానని చెప్పాను, నమ్మలేదు. తప్పు తన కోతది కాదు, తను చెప్పిన కొలత కంటే బిగుతుగా కుట్టిన నడికట్టుది అని కాగితం రాయించాడు. దాని మీద నా సంతకం, కింద కుట్టినవాళ్ళ పేరు ఉండాలట. నీ పేరు అక్కడ పడితే మెదెయిన్‌లో ఏ క్లినిక్కూ నీకు ఇక పని పంపదు. నేను సంతకం పెట్టలేదు.

ప్రభుత్వ ఆసుపత్రికీ వెళ్ళాం. కిటికీలో ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, "సోకులకి చేయించుకున్నవి ఇక్కడ చూడరమ్మా, జ్వరం ముదిరితే రా" అంది.

అక్కా, ఒక్క పని చెయ్యి. ఆ కొలత చీటీ నీ దగ్గర ఉంటే చింపెయ్. ఎవరికీ చూపించకు. నీ మంచికే చెబుతున్నాను.

నీ అరసేలి


మెదెయిన్,
6 ఏప్రిల్

అక్కా,

నెల దాటింది. పెరేరా బస్సు వచ్చినప్పుడల్లా నోర్బే స్టాండుకి వెళ్ళి ఉత్త చేతులతో వస్తున్నాడు. నీకు ఒంట్లో బాగాలేదా? నా మీద కోపమా?

గాయం కొంచెం పూడింది, మళ్ళీ చీము పట్టింది, మళ్ళీ తెరిచారు. బస్సులో నిలబడదామనుకున్న దాన్ని ఇంట్లో గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోతున్నాను. పిల్లల్ని ఎత్తుకుని రెండు నెలలైంది. చిన్నది నా పక్కన పడుకోనంటోంది. నోర్బే విసుక్కోకుండా అన్నీ చేసి పెడతాడు, అదే చంపేస్తోంది. అడిగి మరీ తెచ్చుకున్నాను కదా ఇదంతా.

నిన్న బాల్కనీలోకి వెళ్ళి కిందకి ఎంత ఎత్తుందో చూశాను. చూసి లోపలికి వచ్చేశాను. కానీ చూశాను.

తిడితే తిట్టు. ఏదో ఒకటి రాయి.

అరసేలి


పెరేరా,
8 ఏప్రిల్

నా తల్లీ,

బాల్కనీ వైపు వెళ్ళకు. మిగతాది చదవకపోయినా పర్వాలేదు, ఈ ఒక్క మాట విను. నోర్బేతో కూడా చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను ఫోన్ చేసి చెబుతాను, వీధంతా విన్నా సరే.

నాకు ఒంట్లో బాగానే ఉంది. సిగ్గుతో రాయలేదు. నడికట్లు కుట్టే మా అందరికీ ఒక అలవాటుంది. చీటీ మీద ఎంత రాసినా రెండు వేళ్ళు తక్కువ కత్తిరిస్తాం. మా అత్త నాకు నేర్పింది, ఆవిడకి వాళ్ళమ్మ. వాపు దిగాక వదులైందని సరుకు వెనక్కి రాకుండా అలా చేస్తాం. నీ ఎనభై నాలుగుని ఎనభైకి కత్తిరించాను. పైగా మూడో వరస పెట్టమని నిన్ను ఎగదోశాను. వంకాయ రంగు అని నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. అయినా మామూలే అని రాశాను, ఎందుకంటే మామూలు కాకపోతే తప్పు నాది అవుతుంది.

నీ మార్చి ఉత్తరం వచ్చాక నాలుగుసార్లు జవాబు రాసి చింపాను. నీ పొట్టలో గొయ్యి పడిందని చదివి, నా పని పోతుందేమోనని భయపడ్డాను. అదీ మీ అక్క.

నువ్వు నా కోసం నోరు మూసుకున్నది చాలు. చీటీ చింపలేదు, ఇందులోనే పెట్టాను. దాంతో పాటు నేను రాసిచ్చిన కాగితం ఉంది: "ఈ నడికట్టు కొలత కంటే రెండు వేళ్ళు తక్కువ కుట్టింది నేనే, రుబియేలా ఒసోర్నో, పెరేరా." రెండూ డాక్టరు మొహాన కొట్టు. సంతకం పెట్టి పొట్ట మూయించుకో. నేను ఇక కుట్టను.

నీకు మొహం చూపించలేని
అక్క


మెదెయిన్,
2 జూన్

ప్రియమైన అక్కా,

బతికే ఉన్నాను. దిండ్లకి ఆనుకుని నా చేత్తో నేనే రాస్తున్నాను. మే ఇరవైన రెండోసారి కోశారు.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం చాలదు. చీటీ చింపమన్నది నీ కోసం కాదు. నర్సు దాని మీద రాసింది తొంభై నాలుగు. అంత కోసి పారేశాక కూడా తొంభై నాలుగేనా అని ఏడుపొచ్చింది. "వాపమ్మా, దిగుతుంది" అని ఆ పిల్ల ఎంత చెప్పినా ఎక్కలేదు. కవరులో పెట్టేముందు తొమ్మిది కింద పెన్నుతో చుట్టి ఎనిమిది చేశాను. నువ్వు చూసి ఆశ్చర్యపోవాలని. నువ్వు ఆశ్చర్యపోయావు కూడా. ఆ వాక్యం పదిసార్లు చదువుకుని మురిసిపోయాను.

నువ్వు తగ్గించింది నాలుగు, నేను దొంగిలించింది పది. నొప్పి పెట్టినప్పుడల్లా నాకు కారణం తెలుసు. తెలిసే డాక్టర్ని తిట్టాను, తెలిసే నీ ముందు త్యాగం చేస్తున్నట్టు నటించాను. నువ్వు అక్కడ కుమిలిపోతుంటే ఇక్కడ నన్ను నేను పుణ్యాత్మురాలిని అనుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఆ పొట్టతో తిరగడం కూడా కాదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే చీటీ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి నా దొంగతనం ఒప్పుకున్నాను. వెలుతురుకి పెట్టి చూశాడు. "ముందే చెప్పి ఉంటే ఆ రోజే కట్టుని కత్తెరతో కోసి పారేసేవాణ్ణి కదమ్మా" అన్నాడు. "మీరు ఆ రోజే విప్పి చూసి ఉంటే?" అన్నాను. చీటీ బల్ల మీద పెట్టాడు. తర్వాత కాగితం మీద కుట్టినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఆయనే అడ్డగీత కొట్టాడు. నేను సంతకం పెట్టాను, ఇప్పుడు దాని మీద నా పేరు ఒక్కటే ఉంది. నువ్వు రాసిచ్చిన కాగితం పొయ్యిలో వేశాను.

గొయ్యి మూసుకుంది. ఎడమ చివర ఇంకా కొంచెం కారుతోంది, మళ్ళీ విచ్చుకోదని ఆయన మాటివ్వలేదు. బొడ్డు లేదు. కుట్లు ఒక పక్కకి ఎక్కి, ఒక పక్కకి దిగి ఉన్నాయి. కట్టు మార్చే వేళకి ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను. చిన్నది నిన్న నా మంచం ఎక్కింది, కాళ్ళ దగ్గర పడుకుంది.

సోమవారం నుంచి మెత్తటి నడికట్టు వేసుకోవాలట, రెండు నెలలు. క్లినిక్ వాళ్ళు ఒకటి తెచ్చారు. కొక్కెం చప్పుడు వినగానే కేకలు పెట్టాను, తీసుకెళ్ళిపోయారు. ఇంకెవరి చేతి కట్టూ నా ఒంటి మీద పడనివ్వలేను అక్కా. నీది తప్ప. ఎందుకో నన్ను అడగకు.

ఇక ఉత్తరం వద్దు, చీటీ వద్దు. టేపు తీసుకుని నువ్వే బస్సెక్కు. నేను చొక్కా ఎత్తి నిలబడతాను, వంకరగానైనా నిలబడతాను. నువ్వు చుట్టి కొలువు. ఎంత వస్తే అంతా పైకి చదువు, నోర్బేకి వినపడేలా. అంతే కుట్టు.

దారి చూస్తూ,
నీ చెల్లెలు
అరసేలి