రేవు ఇసుకలో మీ అన్న

ప్యూలే, నా బంగారూ,

గనిలో పట్టిన జ్వరంతో ఉన్న మీ అన్నను ఇంటికి తెస్తుంటే, ఐరావతి ఏటి మీద లాంచీలోనే పోయాడమ్మా. లాంచీవాళ్లకు తెలిస్తే ఇసుకదిబ్బ మీద దింపేస్తారని నేను ఏడవలేదు. నిద్రపోతున్నట్టు దుప్పటి కప్పి, విసురుతూ కూర్చున్నాను. "ఏం కంపు పెద్దమ్మా, కొడుక్కి నీళ్లు పోయవా?" అంటూ పక్క చాపవాళ్లు గింజల పొట్టు వాడి మీదే ఊశారు. థూ!

మన రేవులో ఊరిపెద్ద దుప్పటి లాగి చూశాడు. "బయట చచ్చినవాణ్ణి ఊళ్లోకి తేకూడదని తెలీదా పిన్నీ?" అన్నాడు.

"ఇల్లు ఆ కనిపించేదే కదయ్యా," అన్నాను. ముక్కు మూసుకుని అటు తిరిగాడు. ఆయన పెళ్లిపందిరి వేసింది మీ అన్నే.

రేవు ఇసుకలోనే పూడ్చాం. ఆ ఊరి మొహాలు చూస్తే వాంతి వస్తోంది. ఏరు పొంగేదాకా వాడి పక్కనే పాక వేసుకుని ఉంటాను. రంగూన్ నుంచి వస్తే ఇక్కడికే రా. వేళకు కడుపునిండా తినమ్మా.